నూకరాజుకి వచ్చిన జవాబు

"స్వామీ, క్షమాపణ ఎలా రాయాలి?" అని అడుగుతూనే లోపలికొచ్చాడు విరించి. కాళ్ళు కూడా కడుక్కోలేదు. కళ్ళు లోపలికి పోయాయి, గడ్డం మాసిపోయి ఉంది.

మాటలతో బతికేవాడికి మాట దొరక్కపోవడమేమిటా అని నేను పొయ్యి దగ్గర్నుంచి తొంగిచూశాను.

మా స్వామి పేరు గంగన్న. హైవే పక్క జీడితోటలో ఉన్న రేకుల షెడ్డే మా మఠం. ఇక్కడ పూజలూ ఉండవు, ప్రవచనాలూ ఉండవు. స్వామి మాట్లాడేదే తక్కువ. వచ్చినవాళ్ళు ఆయన పక్కన కాసేపు కూర్చుని పోతుంటారు. నా పేరు అప్పలకొండ. ఆటో తోలుకుంటాను, బేరాల్లేనప్పుడు మఠంలో వంట చేస్తాను. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. నిజమే, కాదు.

విరించిది హేమవర్ష కెమికల్స్‌లో పెద్ద ఉద్యోగం. ఏం ఉద్యోగమయ్యా అంటే, కంపెనీ తరఫున మాట్లాడటం. కంపెనీకి ఇంటర్నెట్లో 'మన ఇంటి మాట' అని ఒక బ్లాగుంది. ఎండీ గారు అందులో వానల గురించీ, తన మనవరాలి గురించీ, కార్మికుల చెమట గురించీ రాస్తుంటారు. ఆ రాతలన్నీ విరించివే. ఎండీ గారు అచ్చయ్యాక చదువుకుని, బాగానే రాశానే అని మురిసిపోతారట.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని ఒకసారి మఠానికొచ్చాడు. అప్పట్నుంచీ ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. తన తెలివంటే తనకి కాస్త ముద్దెక్కువ, అంతే.

పోయిన వేసవిలో ఒక ఆదివారం స్వామికి ఫోన్ తీసి చూపించాడు.

"ఇది చూడండి స్వామీ. బ్లాగు కింద ఎవరేం రాసినా ఇది జవాబిస్తుంది. రెప్పపాటులో, పేరు పెట్టి, గారు అని పిలిచి, చక్కటి తెలుగులో. దీని పేరు మధుర. మాటలన్నీ నేనే నేర్పాను. అవతలివాళ్ళకి ఇది మిషనని అనుమానం కూడా రాదు."

స్వామి ఫోన్ని దూరంగా పట్టుకుని చూశారు.

"ఎవరితో మాట్లాడుతోందో దానికి తెలుసా?"

"తెలియక్కర్లేదండి, అదే దీని గొప్ప. జవాబులో ఏముందన్నది కాదు స్వామీ. మనిషికి జవాబొచ్చిందన్న తృప్తి కావాలి. మా వృత్తి మొత్తం ఆ తృప్తి మీదే నడుస్తుంది."

స్వామి ఫోన్ తిరిగిచ్చేసి, కాల్చిన జీడిపిక్కలు రాతి మీద పెట్టి కొట్టుకుంటూ కూర్చున్నారు. విరించి మెచ్చుకోలు కోసం కాసేపు చూసి, నా వైపు తిరిగాడు. నాకేం తెలుసు, బాగుందయ్యా అన్నాను.

ఆ మిషన్‌కి ఢిల్లీలో ఏదో బహుమతి వచ్చింది. కంపెనీవాళ్ళు క్యాంటీన్ గోడలకి పెద్ద పెద్ద పోస్టర్లంటించారు. మీకు ఏ ఇబ్బంది ఉన్నా బ్లాగులో రాయండి, ఎండీ గారు స్వయంగా చదువుతారు అని. కార్మికులు రాయడం మొదలుపెట్టారు. రాసినవాడికల్లా జవాబొచ్చేది.

ఆ వారం మంగళవారం సాయంత్రం హేమవర్షలో మూడో రియాక్టర్ పేలింది. ఇక్కడ మా షెడ్డు రేకులు దడదడలాడాయి. కొందరు ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు అక్కడికక్కడే పోయారు. ఒకడు నూకరాజు, ఆ రియాక్టర్ నడిపే ఆపరేటర్. రెండోవాడు బంగారయ్య, హెల్పరు. ఇంకా పెళ్ళి కూడా కాలేదు వాడికి.

ఈ బ్లాగు పనిలో ఒక పద్ధతుందట. ఏ రోజు ఏం రావాలో ముందే రాసి, తేదీ వేసి, వరసలో పెట్టేస్తారు. ఆ రోజు రాగానే దానంతటదే బయటికొస్తుంది. బుధవారం పొద్దున భద్రతా వారోత్సవం తాలూకు రాత ఒకటి వరసలో ఉంది. మంగళవారం రాత్రంతా విరించి పేపర్లవాళ్ళ ఫోన్లకి జవాబులు చెప్పుకుంటూ కూర్చున్నాడు. వరస ఆపాలన్న సంగతి అతనికి గుర్తు రాలేదు, ఇంకెవరికీ గుర్తు రాలేదు.

తెల్లారేసరికి నూకరాజు ఫొటో బయటికొచ్చింది. పసుపు హెల్మెట్టు పెట్టుకుని నవ్వుతున్నాడు. కింద ఇలా ఉంది: 'మా నూకరాజు ఉండగా మూడో రియాక్టర్‌కి భయమేమిటి?'

నూకరాజు భార్య నూకరత్నం అప్పటికి రాత్రి నుంచీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే నిలబడి ఉంది. లోపలికి పోనివ్వలేదు, కబురూ చెప్పలేదు. పక్కనున్నవాళ్ళెవరో ఈ ఫొటో చూపించారు. చచ్చిపోయినవాడి ఫొటో నవ్వుతున్నది ఎందుకు పెడతారు, బతికే ఉన్నాడేమో అనుకుంది. ఫోన్ అడిగి తీసుకుని దాని కింద తన పేరు పెట్టి రాసింది.

'ఈయన మా ఆయన. నిన్న డూటీకెల్లి ఇంటికి రానేదు. గేటు కాడ ఎవులూ ఏటీ చెప్పట్నేదు. ఎక్కడున్నారో చెప్పండి బాబూ.'

మిషన్ జవాబిచ్చింది.

'నూకరత్నం గారూ, నమస్కారం! నూకరాజు గారిపై మీరు చూపిస్తున్న అభిమానానికి కృతజ్ఞతలు. మీలాంటివారి ప్రోత్సాహమే మాకు బలం. మన ఇంటికి మళ్ళీ మళ్ళీ వస్తూ ఉండండి!'

ఆవిడ మళ్ళీ రాసింది. బతికున్నారా లేదా, అదొక్కటి చెప్పండి అని.

'నూకరత్నం గారూ, చాలా మంచి ప్రశ్న అడిగారు!' అని మొదలుపెట్టింది మిషను.

చావింటికి పలకరింపుకెళ్తే మనం తిరిగొచ్చేటప్పుడు వెళ్ళొస్తామని కూడా అనం. చెప్పాపెట్టకుండా లేచి వచ్చేస్తాం. ఆ ఇంటికి అలాంటి పని మీద మళ్ళీ రాకూడదని. పెంచి పెద్దచేసినవాళ్ళెవరూ కూర్చోబెట్టి నేర్పరు, చూసి నేర్చుకుంటాం. అలాంటిది మొగుడి కబురు కోసం గేటు దగ్గర నిలబడ్డ ఆడదాన్ని మళ్ళీ మళ్ళీ రమ్మంది అది. నా ఆటో ఎక్కిన ప్రతివాడూ ఫోన్లో అదే చూపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. విరించి కనిపిస్తే నాలుగు దులపాలనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం తనే వచ్చాడు. ఆ ముఖం చూశాక నాకు నోరు రాలేదు.

"రేపు సాయంత్రానికి క్షమాపణ బ్లాగులో పెట్టాలి స్వామీ, ఎండీ గారి పేరు మీద," అన్నాడు. "రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. మాటలు బాగానే ఉన్నాయి, చదివితే మాత్రం నాకే వెగటుగా ఉంది. ఎక్కడ తేడా వస్తోందో అర్థం కావడం లేదు."

"చదువు," అన్నారు స్వామి.

విరించి జేబులోంచి కాగితం తీశాడు. అతని గొంతు బాగుంటుంది. చదివేటప్పుడు ఇంకా బాగుంటుంది.

"మన ఇంట రెండు దీపాలు ఆరిపోయాయి. ఈ విషాద సమయంలో మా గుండెలు బరువెక్కాయి. మా స్వయంచాలక స్పందన వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించండి. ఆపరేటర్ పొరపాటు వల్ల ఈ ప్రమాదం జరిగినట్టు ప్రాథమిక పరిశీలనలో తెలుస్తోంది. దివంగతుల కుటుంబాలకు అండగా ఉంటాం. భద్రతే మా ఊపిరి."

"ఆపరేటరంటే ఎవరు?" అని అడిగారు స్వామి.

"నూకరాజండి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. "అంటే ఏమిటయ్యా? బంగారయ్యని నూకరాజే చంపాడని రేపు ఊరందరికీ చెప్తారా?"

"అలా ఎక్కడుంది కొండన్నా? అందులో పేరు లేదు కదా. అయినా ఆ వాక్యం నాది కాదు. లాయర్లు పెట్టారు."

"మూడో రియాక్టర్‌కి ఎంతమంది ఆపరేటర్లున్నారేమిటి పేరు లేకపోవడానికి?" అన్నాను. విరించి నా వైపు చూడలేదు.

"లాయర్లే పెట్టారనుకో," అన్నారు స్వామి. "ఇప్పుడు చదివిన నోరు నీదే కదా నాయనా."

విరించి కాగితం మడిచాడు.

"ఇది ఎవరికి రాశావు?"

"అందరికీనండి."

స్వామి లేచారు. దండెం మీద తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. "కొండా, పొయ్యి ఆర్పి ఆటో తియ్యి. పలకరింపుకెళ్ళాలి."

ఎవరింటికో విరించికి అర్థమైపోయింది. "నేను రాకూడదు స్వామీ. కేసు తేలేదాకా ఆవిణ్ణి ఎవరూ కలవొద్దని గట్టిగా చెప్పారు. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

స్వామి వెళ్ళి ఆటోలో ఒక పక్కకి జరిగి కూర్చున్నారు. పక్కన ఒక మనిషికి చోటు వదిలారు. నేను ఇంజను స్టార్ట్ చేశాను. విరించి షెడ్డు చూరు కింద నిలబడి కాసేపు గోళ్ళు కొరుక్కుని, వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు. 

కార్మికుల కాలనీలో రెండు చావిళ్ళూ ఒకే వీధిలో ఉన్నాయి. బంగారయ్య ఇంటి ముందు షామియానా, కుర్చీలు, వీధి పట్టనంత జనం. కాస్త అవతల నూకరాజు ఇల్లు. వసారాలో పెద్ద చాప పరిచి ఉంది. దాని మీద ఒక్క మనిషీ లేడు.

పక్కింటావిడ గొంతు తగ్గించి చెప్పింది. నూకరాజు వాల్వు తప్పుగా తిప్పాడనీ, అందుకే పేలిందనీ ఫోర్‌మన్ నిన్ననే కాలనీలో చెప్పి పోయాడట. బంగారయ్య తల్లి సన్నమ్మ వచ్చి నూకరత్నం గుమ్మంలో దుమ్మెత్తిపోసి వెళ్ళిందట. అప్పట్నుంచి ఈ గడప ఎవరూ తొక్కలేదు. "రేపు కంపెనీవోల్లు కాయితం మీద కూడా అదే మాట రాసేస్తే ఇంక ఈ వీధిలో ఉండనిస్తారేటి దాన్ని?" అంది ఆవిడ. ఆ కాయితం విరించి జేబులోనే ఉంది.

స్వామి వెళ్ళి చాప మీద కూర్చున్నారు. విరించి ఆయన పక్కన కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర కూలబడ్డాను.

నూకరత్నం గోడకి చేరగిలబడి ఉంది. పక్కన దీపం వెలుగుతోంది. లోపల గదిలో నూకరాజు తల్లి మంచం పట్టి మూలుగుతోంది. 

విరించి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మా సంస్థ తరఫున మా ప్రగాఢ..."

స్వామి అతని మోకాలి మీద చెయ్యి వేశారు. విరించి ఆగిపోయాడు.

కాసేపటికి మళ్ళీ, "ఈ కష్టకాలంలో మేం మీకు..." అన్నాడు. స్వామి చెయ్యి మళ్ళీ మోకాలి మీద పడింది. 

చాలాసేపటికి ఆవిడే మాట్లాడింది. స్వామిని చూస్తూ అంది.

"చాప పరిసిన కాడ్నించి దీని మీద ఎవులూ కూకోనేదు బాబూ. మీరే మొదలు."

స్వామి తల ఊపారు.

"మొకం సూపించనేదు. గుడ్డ సుట్టేసి ఇచ్చీసినారు. విప్పొద్దన్నారు. సెయ్యి కాస్త బయటికుంటే, మొలకి కట్టే నల్లతాడు ఆ సేతికి కట్టుకునీవారు, అది సూసి ఆనవాలు పట్టినాను. అంతే నాకు దక్కింది." ఏడవడం లేదు. బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు ఒక్కో మాటా తీసి పెడుతోంది. "ఈ బాబెవులు?"

 విరించి స్వామి వైపు చూశాడు. ఆయన దీపం వైపు చూస్తున్నారు.

"నేను కంపెనీలో పని చేస్తానమ్మా."

"ఏటి పని?"

"ఇంటర్నెట్లో... బ్లాగు పని. మీకొచ్చిన ఆ జవాబులు..."

"నన్ను మల్లీ మల్లీ రమ్మన్నది నువ్వేనేటి?"

"అది మిషనమ్మా," అన్నాడు విరించి. కాసేపాగి, "మాటలు నావి," అన్నాడు.

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా అనుకున్నాను. ఆవిడ లేచి లోపలికెళ్ళి ఒక ఫోన్ తెచ్చింది. అద్దం మీద ఒక మూల పగిలింది, పాత ఫోను.

"ఆయనదే ఇది. డూటీలో ఫోను లోనకి తీసుకెల్లనివ్వరు కదా, గేటు కాడ పెట్టీసి ఎల్లారు. అందుకే ఇది మిగిలింది." ఏదో వెతికి విరించి చేతికిచ్చింది. "ఇదీ నువ్వేనా బాబూ?"

విరించి రెండు చేతులతో పుచ్చుకున్నాడు. నేను లేచి అతని వెనక నుంచి చూశాను. బ్లాగు పేజీని ఫొటో తీసి దాచుకున్నాడు నూకరాజు. పేలుడుకి చాలా రోజుల ముందుది.

'ఎండీ గారికి నమస్కారం. మూడో రియాక్టరు కింద వాల్వు కాడ ఘాటు వాసన వస్తోంది. ఫోర్‌మన్ గారికి చెప్పినా ఇనిపించుకోట్లేదు. తమరొకసారి సూడండి. ఇట్లు నూకరాజు, ఆపరేటరు.'

దాని కింద జవాబు.

'నూకరాజు గారూ, నమస్కారం! మీ మాట మాకు చేరింది. మీలాంటివారే మన ఇంటికి అండ. మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా ఉండండి!'

"ఎండీ గారే సొయంగా రాసినారని వీధంతా తిప్పి సూపించినారు," అంది నూకరత్నం. "అంతకు ముందు నిద్దర నేదు ఆయనకి. ఆ వాసన మంచిది కాదు, నాను డూటీకెల్లనని మొరాయించినారు. జీతం పోతాది, ఎల్లమని నానే గొడవపడినాను. ఈ జవాబొచ్చినాక ఆ రాత్రి తృప్తిగా తొంగున్నారు. తెల్లారి లేసి కేరేజీ కట్టమన్నారు."

విరించి తల ఎత్తలేదు.

"సూసుకుంటామన్నారు కదా. మరి ఎవులు సూసుకున్నారు బాబూ?"

నేను స్వామి చెయ్యి వైపు చూశాను. ఆ చెయ్యి ఆయన ఒళ్ళోనే ఉంది. ఈసారి కదల్లేదు.

విరించి నోరు తెరిచాడు, మూశాడు. ఎంతటి రాతలు రాసినవాడు, ఒక్క మాట కోసం అలా పెనుగులాడటం నేను చూడలేకపోయాను.

"ఎవరూ చూడలేదమ్మా."

 అది అతని గొంతులాగే లేదు.

"ఆయన రాసింది మిషన్ చదివింది. మిషనే జవాబిచ్చింది. మనిషన్నవాడు ఎవడూ చూడలేదు. నేనూ చూడలేదు."

నూకరత్నం చాలాసేపు అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"అయితే ఆయన పొరపాటు నేదన్నమాట."

"లేదమ్మా."

ఆవిడ లోపలి గది వైపు తిరిగి గట్టిగా పిలిచింది. "అత్తా, ఇన్నావా? నీ కొడుకు పొరపాటు నేదంట. ముందే సెప్పినాడంట. ఎవులూ సూడనేదంట."

లోపల్నుంచి ముసలావిడ ఏడుపు లేచింది. అది వినగానే నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. మొగుడు పోయిన మూడో రోజుకి గానీ ఆవిడకి ఏడుపు రాలేదు.

మేం లేచాం. విరించి చేతులు జోడించాడు. అలవాటుగా "వెళ్ళొ..." అనబోయి పెదాలు బిగించాడు. చెప్పకుండానే బయటికొచ్చేశాం. మమ్మల్ని సాగనంపడానికి ఎవరూ లేవలేదు.

మఠం దగ్గర ఆటో ఆపాక విరించి దిగలేదు. జేబులో కాగితం తీసి చూస్తూ కూర్చున్నాడు.

"ఇప్పుడు ఏం రాయమంటారు స్వామీ?"

"రాసేదేముంది? ఆవిడకి చెప్పేశావు కదా," అని స్వామి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం 'మన ఇంటి మాట'లో క్షమాపణ వచ్చింది. దీపాలూ లేవు, గుండెలూ లేవు. నేనే చదివాను.

'మూడో రియాక్టర్ దగ్గర ఘాటు వాసన వస్తోందని ఆపరేటర్ నూకరాజు మాకు ముందే రాశాడు. చూసుకుంటాం, నిశ్చింతగా ఉండండి అని జవాబిచ్చాం. అతను రాసింది ఏ మనిషీ చదవలేదు. ఆ జవాబు ఏ మనిషీ రాయలేదు. అది మాటలు నేర్పిన మిషన్ ఇచ్చిన జవాబు. ఆ మాటలు నేర్పింది నేను. నూకరాజు పొరపాటు చేయలేదు. విరించి.'

కింద నూకరాజు దాచుకున్న ఫొటో పెట్టాడు. నూకరత్నాన్ని అడిగే పెట్టాడట.

ఎక్కువసేపు ఉండనివ్వలేదు. కంపెనీ దాన్ని పీకేసింది. అనుమతి లేని రాత అనీ, ఉద్యోగి మానసిక స్థితి బాగాలేదనీ ఇంకో ప్రకటన ఇచ్చింది. సెక్యూరిటీవాళ్ళు విరించి మెడలో కార్డు తీసుకుని గేటు బయట వదిలారు. కేసు కూడా పెడతామన్నారు. ఆ మిషన్ మధురకి పేరు మార్చి మళ్ళీ కూర్చోబెట్టారట. ఫోర్‌మన్ వేరే యూనిట్‌కి వెళ్ళాడు. రాత పీకేస్తేనేం, నా ఆటో ఎక్కిన ప్రతివాడి ఫోన్లోనూ అది ఉంది.

నూకరాజు పెద్దకర్మకి స్వామీ నేనూ వెళ్ళాం. చాప నిండలేదు గానీ ఖాళీగానూ లేదు. కాలనీవాళ్ళు కొందరు తలలు వంచుకుని కూర్చున్నారు. చాప చివర విరించి ఉన్నాడు. మాకంటే ముందే వచ్చాడు. నాకు పలకరింపుగా తల ఊపాడు.

కాసేపటికి సన్నమ్మ వచ్చింది. బంగారయ్య తల్లి. చాప మీదున్నవాళ్ళు సర్దుకున్నారు. ఆవిడ నేరుగా వెళ్ళి నూకరత్నం పక్కన చతికిలబడింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. దుమ్మెత్తిపోసిన గుమ్మాన్ని మళ్ళీ దాటి రావడానికి ఆ ముసలిదానికి ఎంత కష్టమయ్యుంటుందో నాకు తెలుసు.

అలా కూర్చునే విరించి వైపు తిరిగింది.

"మిషనుకి మా వోడు కూడా ఏటైనా రాసినాడేటి బాబూ?"

"చూసి చెప్తాన..." అనేశాడు విరించి.

ఆ మాట అతనికే మిషన్ మాటలా వినబడింది.  స్వామి వైపు చూశాడు. ఆయన వీధిలోకి చూస్తున్నారు.

విరించి లేచి వెళ్ళి సన్నమ్మ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఫోన్ తీశాడు. కంపెనీ తనని గేటు బయట వదలకముందే, కార్మికులు రాసినవన్నీ అందులోకి తెచ్చుకున్నాడు.

"పూర్తి పేరు చెప్పమ్మా."

ఆవిడ చెప్పింది. అతను వేలితో తోస్తూ వెతకసాగాడు. వసారాలో అందరూ అతని వేలినే చూస్తున్నారు. దొరికేదాకా ఎవరూ కదల్లేదు.

"రాశాడమ్మా," అన్నాడు.

"ఏటి రాసినాడు?"

"'అయ్యా, నా చేతి గ్లవుజులు చిరిగిపోయాయి. యాసిడ్ పడి చేతులు కాలుతున్నాయి. కొత్తవి ఇప్పించగలరు. బంగారయ్య, హెల్పరు.'"

"ఆడికి జవాబొచ్చిందా?"

విరించి అదీ చదివాడు. నమస్కారం దగ్గర్నుంచి మళ్ళీ మళ్ళీ రండి దాకా, ఒక్క మాట వదల్లేదు. చదువుతుంటే చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అది వొద్దు," అంది సన్నమ్మ. "మా వోడు రాసింది మల్లీ సదువు."

చదివాడు. ఆవిడ ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చదివాడు.

వెనక నుంచి ఒకావిడ ముందుకి జరిగింది. మొగుడు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడట. "మా ఇంటాయన కూడా ఏదో రాసుకున్నాడు బాబూ. ఏటి రాసినాడో నాకు సెప్పనేదు," అంది. విరించి పేరు అడిగాడు. ఆవిడ వెనక ఇంకొకాయన వచ్చి నిలబడ్డాడు, ఆయన వెనక ఇంకొకరు.

పొద్దు వాలిపోతోంది. నేను స్వామి దగ్గరికెళ్ళాను. "చీకటి పడుతోంది స్వామీ. విరించిని పిలవమంటారా?"

స్వామి చెప్పకుండా లేచారు. వెళ్ళి ఆటోలో మధ్యలో కూర్చున్నారు. ఈసారి పక్కన చోటు వదల్లేదు.

"పిలవకు కొండా," అన్నారు. "ఇవాళే కదా పనిలో చేరాడు."